రెండు ఆదేశాల నడుమ: కెర్నెళ్లలో ఇంటరప్టు దోషాల దిద్దుబాటు చరిత్ర

ప్రాసెసరు ఒక ప్రోగ్రామును నడుపుతుండగా డిస్కు, కీబోర్డు, నెట్‌వర్క్ కార్డు, గడియారపు చిప్పు వంటి పరికరాలలో ఏదో ఒకటి తన పని ముగిసిందనో, తన వద్దకు కొత్త సమాచారం చేరిందనో తెలియజేయడానికి పంపే సంకేతాన్ని ఇంటరప్టు అంటారు. సంకేతం అందగానే ప్రాసెసరు చేస్తున్న పనిని ఉన్నచోటనే నిలిపి, నిలిపిన చోటును భద్రపరచి, ఆ పరికరం కోసం ముందే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములోకి దూకి, అది ముగిశాక వెనక్కి వచ్చి పాత పనిని అందుకుంటుంది. ఆ చిన్న ప్రోగ్రాముకు హ్యాండ్లరు అని పేరు. అటువంటి హ్యాండ్లర్లన్నిటినీ తన అధీనంలో ఉంచుకుని, మెమరీనీ పరికరాలనూ ప్రోగ్రాములకు పంచే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డుకు కెర్నెల్ అని పేరు. గత ఏడు దశాబ్దాలలో కెర్నెళ్లను రాసినవారినీ దిద్దినవారినీ అత్యంత మొండిగా వేధించిన దోషాలలో అధికభాగం ఈ దూకడంలోనూ ఈ తిరిగి రావడంలోనూ పుట్టినవే.

ఆగిన ప్రోగ్రాముకు తాను ఆగినట్టు తెలియకపోవడమే ఇందులోని చిక్కు. పద్దుల పుస్తకంలో జమ రాసి ఖర్చు రాయబోతున్న గుమాస్తా చేతిలోనుంచి పుస్తకం లాక్కుని, వేరొకరు అదే పుటలో మరో పద్దు వేసి, చడీచప్పుడు లేకుండా తిరిగి ఆయన చేతిలో పెట్టినట్లయితే, ఆయన తాను అనుకున్న అంకెనే రాసి ముందుకు సాగుతాడు, లెక్క మాత్రం తప్పుతుంది. కెర్నెల్‌లోనూ ఒక జాబితాకు కొత్త అంశం చేర్చడానికి రెండు మూడు ఆదేశాలు పడతాయి. మొదటి ఆదేశానికీ రెండో ఆదేశానికీ నడుమ ఇంటరప్టు వచ్చి, దాని హ్యాండ్లరు అదే జాబితాను ముట్టుకుంటే జాబితా చెడుతుంది. రెండు పనుల ఫలితం వాటి వేళల వరుసను బట్టి మారిపోయే ఇటువంటి స్థితిని రేస్ కండిషన్ అంటారు. ఆ నడిమి వ్యవధి సెకనులో కోటోవంతు ఉండవచ్చు, కాబట్టి దోషం నెలల తరబడి కనబడకుండా ఉండి, ఒకనాడు కనబడి, వెతకబోతే మళ్లీ దొరకకుండా పోతుంది.

ఇంటరప్టు పుట్టుకకు అవసరమే కారణం. 1951 నాటి యూనివాక్ యంత్రంలో కూడిక ఫలితం పట్టవలసిన చోటుకు మించిపోతే ప్రాసెసరు నిర్ణీతమైన చోటికి దూకే ఏర్పాటు ఉండేది గాని, అది ప్రోగ్రాము లోపలి సంఘటనే కాబట్టి ఎప్పుడు జరుగుతుందో ముందుగా లెక్కకట్టవచ్చు. బయటి పరికరం తన ఇష్టం వచ్చినప్పుడు ప్రాసెసరును పిలిచే ఏర్పాటు 1954లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ నిర్మించిన డైసియాక్‌లో కనబడుతుంది. అందులో నడుస్తున్న ఆదేశం ఎక్కడుందో చూపే కౌంటర్లు రెండు ఉండేవి, పరికరం సంకేతమిస్తే ప్రాసెసరు ఒకదానినుంచి రెండోదానికి మారేది. 1956 ప్రాంతంలో యూనివాక్ 1103ఏ యంత్రానికి ఈ సదుపాయం చేరింది; క్లీవ్‌లాండ్‌లోని వైమానిక పరిశోధనశాలలో గాలి సొరంగపు కొలతలు వచ్చినప్పుడు మాత్రమే వాటిని అందుకుంటూ, తక్కిన వేళ ఖరీదైన యంత్రం చేత ఇతర లెక్కలు చేయించుకోవాలన్న కోరిక దీని వెనుక ఉంది. ఐబీఎం వారి స్ట్రెచ్ యంత్రం కోసం ఫ్రెడరిక్ బ్రూక్స్ 1957లో వివరించిన పద్ధతిలో మాస్కు అనే ముఖ్యమైన భాగం ఉంది: ఏ సంకేతాలను ఇప్పుడు లోనికి రానివ్వాలో, ఏవి వాకిట నిలిచి వేచి ఉండాలో ప్రోగ్రామే నిర్ణయించే మీటల వరుస అది. తరువాతి యాభై ఏళ్ల దిద్దుబాట్లకూ, వాటితోబాటు చాలా దోషాలకూ ఈ మాస్కే మూలం.

ఈ కొత్త సదుపాయంలోని ప్రమాదాన్ని అందరికంటే ముందు, అందరికంటే స్పష్టంగా గుర్తించినవాడు ఎడ్జర్ డైక్‌స్ట్రా. ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణితశాస్త్ర కేంద్రంలో ఆయన సహచరులు బ్రామ్ లోప్‌స్ట్రా, కారెల్ స్కోల్టెన్ 1957 చివర ఎలెక్ట్రోలాజికా ఎక్స్1 యంత్రానికి రూపకల్పన చేస్తూ దానిలో ఇంటరప్టు పెట్టదలచారు. యంత్రానికి మూలస్థాయి ప్రోగ్రాములు రాయవలసిన బాధ్యత డైక్‌స్ట్రాది. అంతవరకు ఆయన వాడిన యంత్రాలన్నిటిలో ఒకే ప్రోగ్రామును ఒకే సమాచారంతో నడిపితే అదే ఫలితం, అదే వరుసలో వచ్చేది, తప్పు దొర్లితే మళ్లీ నడిపి ఆ తప్పును కళ్లారా చూడవచ్చు. ఇంటరప్టు వస్తే ఆ నిశ్చయం పోతుందని, ఒకసారి జరిగిన తప్పు మరల జరిపించలేనిదవుతుందని ఆయన హడలిపోయాడు. ఆ నిర్ణయాన్ని తాను మూడు నెలలపాటు ఆపించగలిగినట్టు, చివరకు తన సామర్థ్యాన్ని మెచ్చుకుంటూ సహచరులు తనను ఒప్పించినట్టు ఆయన వృద్ధాప్యంలో రాసుకున్నాడు. ఆ హడలులో పిరికితనం ఏమీ లేదు. ఈ రంగంలో తరువాత జరిగినదంతా ఆయన భయం ఎంత సరైనదో నిరూపించింది.

ఒప్పుకున్న తరువాత ఆయన చేసిన పని అంతకంటే విలువైనది. 1959లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతగ్రంథంలో ఎక్స్1 హ్యాండ్లరును వివరించాడు. మధ్యలో ఆగిన ప్రోగ్రాము రిజిస్టర్లను, అంటే ప్రాసెసరు లెక్కలు చేసుకునే లోపలి గళ్లను, ఎలా భద్రపరచి ఎలా తిరిగి నింపితే ఆ ప్రోగ్రాముకు ఏ తేడా తెలియదో అందులో ఉంది. తరువాత ఐంధోవెన్‌లో ఎక్స్8 యంత్రంపై తన బృందంతో నిర్మించి 1968లో ప్రకటించిన టీహెచ్‌ఈ వ్యవస్థలో ఇంటరప్టును అట్టడుగు అంతస్తులోనే బంధించాడు. సంకేతం రాగానే హ్యాండ్లరు చేసే పని సెమాఫోరు అనే ఒక లెక్కను పెంచడం మాత్రమే. ఆ లెక్క పెరిగేదాకా నిద్రలో ఉండే సాధారణ ప్రాసెసు, అంటే నడుస్తున్న ప్రోగ్రాము, అప్పుడు లేచి అసలు పని చేస్తుంది. పై అంతస్తులలోని ఏ ప్రోగ్రాముకూ ఇంటరప్టు అనేది ఒకటి ఉందని తెలియదు కాబట్టి, వాటిని ఎప్పుడు ఆపితే ఏమవుతుందన్న ప్రశ్నే తలెత్తదు. దోషాన్ని వెతికి పట్టుకునే అవసరం రాకుండా దోషం పుట్టే చోటునే కుదించడం ఆయన మార్గం. పరిశ్రమ ఆ మార్గాన్ని మెచ్చుకుంది గాని, అప్పట్లో అనుసరించలేదు. ఇంటరప్టు వచ్చిన ప్రతిసారీ ప్రాసెసును లేపడమంటే ఆనాటి యంత్రాలకు భారమైన పని.

పరిశ్రమ పట్టుకున్నది మాస్కు మార్గం. డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థ 1970లో విడుదల చేసిన పీడీపీ-11 యంత్రంలో ప్రాసెసరుకు 0 నుంచి 7 దాకా ప్రాధాన్య స్థాయిలుండేవి, పరికరాలకు 4 నుంచి 7 దాకా ఉండేవి. ప్రాసెసరు ఉన్న స్థాయికంటే ఎక్కువ స్థాయిగల పరికరానికే దానిని ఆపే హక్కు. ఆ యంత్రంపై బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాసిన యూనిక్స్‌లో ఈ స్థాయిని మార్చడానికి ఎస్‌పీఎల్ అనే చిన్న ఫంక్షన్లుండేవి. ఎస్‌పీఎల్6 అంటే స్థాయిని ఆరుకు పెంచి డిస్కు సంకేతాలను నిలిపివేయడం, ఎస్‌పీఎల్0 అంటే అన్నిటికీ దారి తెరవడం.

1975లో వెలువడిన ఆరవ సంచిక యూనిక్స్‌లో ఐఓవెయిట్ అనే ఫంక్షన్ నాలుగైదు వరుసలు మాత్రమే ఉంటుంది గాని, ఇంటరప్టు దోషాల స్వరూపాన్ని తెలుసుకోగోరే వారికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఒక ప్రాసెసు డిస్కునుంచి ఒక దిమ్మె చదవమని కోరి, అది పూర్తయ్యేదాకా నిద్రపోవాలి. ఐఓవెయిట్ మొదట స్థాయిని ఆరుకు పెంచుతుంది, తరువాత పని పూర్తయినదనే గుర్తు ఉందేమో చూస్తుంది, లేకపోతే ప్రాసెసును నిద్రపుచ్చుతుంది, మేలుకున్నాక మళ్లీ గుర్తును చూస్తుంది, చివరన స్థాయిని సున్నాకు దించుతుంది. మొదటి వరుసలోని ఎస్‌పీఎల్6ను తీసివేస్తే ఏమవుతుందో చూడాలి. ప్రాసెసు గుర్తును చూసింది, పని పూర్తికాలేదు, నిద్రకు ఉపక్రమించింది; సరిగ్గా ఆ చూడటానికీ ఈ నిద్రకూ నడుమ డిస్కు సంకేతం వచ్చింది. హ్యాండ్లరు గుర్తు పెట్టి, ఈ దిమ్మె కోసం నిద్రిస్తున్న వారందరినీ లేపమంది, అప్పటికింకా ఎవరూ నిద్రపోలేదు కనుక లేపవలసిన వారెవరూ లేరు. హ్యాండ్లరు తన పని సక్రమంగా ముగించి వెళ్లిపోయింది. ఆ తరువాత ప్రాసెసు నిద్రపోయింది. దానిని లేపేవారు ఇక రారు. పోయిన మేలుకొలుపు అని దీన్ని పిలవవచ్చు. హ్యాండ్లరు తప్పు చేయలేదు, ప్రాసెసు తప్పు చేయలేదు, రెండు సరైన పనుల నడుమ మిగిలిన సందులో ఒక వార్త జారిపోయింది.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ తన విద్యార్థుల కోసం ఈ కెర్నెల్‌ను వరుస వరుసగా వివరిస్తూ 1970ల ద్వితీయార్ధంలో రాసిన వ్యాఖ్యానం వల్ల ఈ తరహా ఆలోచన ఒక తరం ప్రోగ్రామర్లకు అలవడింది. యూనిక్స్ యాజమాన్య హక్కులున్న ఏటీ అండ్ టీ సంస్థ దాని పంపిణీని కట్టడి చేయడంతో ఆ పుస్తకం ఏళ్ల తరబడి జిరాక్సు ప్రతులలోనే తిరిగి, 1996లో గాని బహిరంగంగా అచ్చుకాలేదు. కెర్నెల్ దిద్దుబాటు అనే వృత్తికి పాఠ్యపుస్తకం అంటూ ఒకటి ఉన్నదంటే అది ఇదే.

బర్కిలీ యూనిక్స్‌లో అంకెల స్థానంలో పేర్లు వచ్చాయి. నెట్‌వర్కుకు ఎస్‌పీఎల్‌నెట్, డిస్కులకు ఎస్‌పీఎల్‌బయో, టెర్మినళ్లకు ఎస్‌పీఎల్‌టీటీవై. పేర్లు మారినా పద్ధతి మారలేదు. ఈ పద్ధతిలో ఫలానా సమాచారాన్ని కాపాడుతున్నామని ఎక్కడా రాసి ఉండదు, ఫలానా వేళ ఫలానా వారు రాకూడదని మాత్రమే ఉంటుంది. కాబట్టి పదేళ్ల తరువాత వచ్చిన ప్రోగ్రామరు ఒక ఎస్‌పీఎల్ వరుసను చూసి, ఇది దేనికోసం ఉన్నదో, తీసివేస్తే దేనికి ముప్పో తేల్చుకోలేక భయంతో అలాగే వదిలేస్తాడు. ప్రాసెసరు ఒక్కటే ఉన్నంతకాలం ఈ లోపం భరించదగినదిగానే కనబడింది.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్స్ ఇంటెల్ 386 యంత్రాల కోసం పుట్టింది. ఆ ప్రాసెసరులో ఇంటరప్టులన్నిటినీ ఒక్కసారిగా ఆపే సీఎల్ఐ అనే ఆదేశమూ, తిరిగి అనుమతించే ఎస్‌టీఐ అనే ఆదేశమూ ఉన్నాయి, లినక్స్ అవే పేర్లతో ఫంక్షన్లను వాడుకుంది. తొలి డ్రైవర్లలో, అంటే ఒక్కొక్క పరికరాన్ని నడిపే కెర్నెల్ భాగాలలో, తరచుగా దొరికిన దోషం చాలా సామాన్యమైనది. ఒక ఫంక్షన్ సీఎల్ఐతో ఇంటరప్టులను ఆపి, మధ్యలో రెండో ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ రెండోది కూడా తన జాగ్రత్త కోసం సీఎల్ఐతో మొదలై ఎస్‌టీఐతో ముగుస్తుంది. వెనక్కి వచ్చేసరికి మొదటి ఫంక్షన్‌కు తెలియకుండానే తలుపులు తెరుచుకుని ఉంటాయి. తెరిచి ఉందో మూసి ఉందో మొదటే రాసిపెట్టుకుని, ముగింపులో ఎస్‌టీఐ చేయకుండా ఆ పాత స్థితినే పునరుద్ధరించడం దీనికి మందు. దిద్దుబాటుకు రెండు వరుసలు చాలు గాని, ఆ రెండు వరుసలు ఎక్కడ పెట్టాలో కనుక్కోవడానికి వారాలు పట్టేవి, ఎందుకంటే లక్షణం ఒకచోట, దోషం మరొకచోట ఉంటాయి.

1996లో వచ్చిన లినక్స్ 2.0 ఒకటికంటే ఎక్కువ ప్రాసెసర్లున్న యంత్రాలకు మద్దతు తెచ్చింది, దానితో మాస్కు మార్గపు పునాదే కదిలింది. ఈ ప్రాసెసరులో ఇంటరప్టులను ఆపినంత మాత్రాన పక్క ప్రాసెసరు ఆగదు. అది అదే క్షణంలో అదే జాబితాను మార్చవచ్చు. పాత డ్రైవర్లు చెడిపోకుండా ఉండడానికి కెర్నెల్ రచయితలు కొంతకాలం సీఎల్ఐకి విస్తృతార్థం కల్పించి, ఒక ప్రాసెసరు దాన్ని పిలిస్తే అన్ని ప్రాసెసర్లలోనూ హ్యాండ్లర్లు నిలిచిపోయేలా చేశారు. అది నెమ్మది, పైగా ఒకరి చిన్న పని కోసం యంత్రమంతా ఆగడం. 2002 జులైలో ఇంగో మోల్నార్ ఆ సర్వత్రా ఆపే సీఎల్ఐని 2.5.28 కెర్నెల్ నుంచి పూర్తిగా తొలగించాడు. దానిపై ఆధారపడిన డ్రైవర్లు ఎన్నో బహుళ ప్రాసెసరు యంత్రాలకు పనికిరాకుండా పోయాయి, ఒక్కొక్కదానినీ తెరిచి అది నిజంగా కాపాడదలచిన సమాచారమేదో గుర్తించి తిరగరాయవలసి వచ్చింది. ఇంత చికాకుకు కారణమైనప్పటికీ ఈ రంగంలో జరిగిన దిద్దుబాట్లలో దీనినే అత్యంత ధైర్యమైనదిగా ఎంచాలి, ఎందుకంటే అది రక్షణను కాలంనుంచి వస్తువుకు మార్చింది: ఈ వేళ ఎవరూ రావద్దు అనే మాట పోయి, ఈ జాబితాను ఒకేసారి ఒక్కరే ముట్టాలి అనే మాట వచ్చింది.

ఆ మాటను అమలుచేసేది స్పిన్‌లాకు. జాబితాకు ఒక తాళం ఉంటుంది. తాళం మరొకరి దగ్గర ఉంటే వచ్చిన ప్రాసెసరు నిద్రపోకుండా, అది దొరికేదాకా అక్కడే గిరగిరా తిరుగుతూ చూస్తుంటుంది. ఇంటరప్టుతో కలిసినప్పుడు ఇందులోనూ ఒక గొయ్యి ఉంది. ప్రాసెసు తాళం తీసుకుంది; తాళం చేతిలో ఉండగానే అదే ప్రాసెసరుకు ఇంటరప్టు వచ్చింది; హ్యాండ్లరుకు అదే తాళం కావాలి. తాళం వదలవలసిన ప్రాసెసు ఆగిపోయి ఉంది, అది కదలాలంటే హ్యాండ్లరు ముగియాలి, హ్యాండ్లరు ముగియాలంటే తాళం దొరకాలి. ఇలా ఒకరికోసం ఒకరు శాశ్వతంగా వేచి ఉండే స్థితిని డెడ్‌లాకు అంటారు. హ్యాండ్లరు ముట్టుకునే తాళాన్ని ఇతరులు తీసుకునేటప్పుడు తమ ప్రాసెసరులో ఇంటరప్టులను ఆపి మరీ తీసుకోవాలన్నది నియమం. ఒక్క చోట మరచిపోయినా యంత్రం ఏదో ఒకనాడు గడ్డకట్టుకుపోతుంది, తెరమీద ఒక్క అక్షరమైనా మిగలకుండా.

2006లో 2.6.18 కెర్నెల్‌తో ఇంగో మోల్నార్, ఆర్యన్ వాన్ డి వెన్ అందించిన లాక్‌డెప్ అనే తనిఖీ సాధనం ఈ తరహా దోషాలపై యుద్ధరీతినే మార్చింది. నడుస్తున్న కెర్నెల్‌లో ప్రతి తాళపు జాతినీ అది గమనిస్తుంటుంది. ఒక తాళాన్ని ఇంటరప్టులు తెరిచి ఉన్నప్పుడు ఎవరో తీసుకున్నట్టు ఒకసారి చూసింది; అదే జాతి తాళాన్ని ఒక హ్యాండ్లరు తీసుకున్నట్టు మరొకసారి, మరొక ప్రాసెసరులో, గంటల తరువాత చూసింది. ఈ రెండూ కలిసి రాలేదు, యంత్రం గడ్డకట్టలేదు, అయినా లాక్‌డెప్ తాళపు స్థితి పొసగడం లేదని, కెర్నెల్ సందేశాలు నమోదయ్యే లాగ్‌లో రాసి, ఆ రెండు సందర్భాలలోనూ ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో వరుసగా అచ్చువేస్తుంది. డెడ్‌లాకు జరగనక్కరలేదు, జరగగలదని తేలితే చాలు. డైక్‌స్ట్రా హడలిపోయింది తప్పును మళ్లీ జరిపించలేమనే. తప్పును జరిపించకుండానే పట్టుకునే సాధనం ఆయన ప్రశ్నకు దాదాపు అర్ధశతాబ్దం తరువాత వచ్చిన జవాబు.

అన్ని దోషాలూ ఇంత సూక్ష్మమైనవి కావు. కొన్ని పెద్దగా అరిచేవి. పరికరాలను ప్రాసెసరుకు కలిపే తీగల కట్టను బస్సు అంటారు. పాత ఐఎస్ఏ బస్సులో సంకేతం అంచును బట్టి, అంటే తీగలోని వోల్టేజి మారే క్షణాన్ని బట్టి తెలిసేది; ఆ క్షణాన్ని పోగొట్టుకుంటే వార్త పోతుంది. పీసీఐ బస్సులో సంకేతం స్థాయిని బట్టి తెలుస్తుంది. హ్యాండ్లరు పరికరాన్ని శాంతింపజేసేదాకా తీగ మోగుతూనే ఉంటుంది, పైగా ఒకే తీగను రెండు మూడు పరికరాలు పంచుకుంటాయి. మదర్‌బోర్డు తయారీదారు ఏ పరికరం ఏ తీగకు కలిసి ఉందో తన పట్టికలో తప్పుగా రాస్తే, కెర్నెల్ ఒక హ్యాండ్లరును పిలుస్తుంది, అది తన పరికరాన్ని చూసి తనది కాదని వెనక్కి వస్తుంది, తీగ మోగుతూనే ఉంటుంది, మరుక్షణం మళ్లీ అదే. ప్రాసెసరు ఆ వలయంలోనుంచి బయటపడదు. 2003కు ముందు లినక్స్ హ్యాండ్లర్లు పని చేశాయో లేదో చెప్పే ఏర్పాటే లేదు, 2.5 వరుసలో ప్రతి హ్యాండ్లరూ ఈ సంకేతం తనదా కాదా అన్న జవాబు ఇచ్చి తీరాలన్న నియమం వచ్చింది. దానిమీదనే ఒక కాపలా ఏర్పడింది: ఒక తీగపై వచ్చిన 1,00,000 సంకేతాలలో 99,900కు మించి ఎవరూ తమవని ఒప్పుకోకపోతే, కెర్నెల్ 'నోబడీ కేర్డ్' అని లాగ్‌లో రాసి, ఆ తీగపై ఉన్న హ్యాండ్లర్ల పేర్లు అచ్చువేసి, తీగను మూసివేస్తుంది. ఆ తీగపై ఉన్న మంచి పరికరం కూడా మూగబోతుంది గాని యంత్రం బతుకుతుంది, దిద్దేవారికి ఒక ఆనవాలు మిగులుతుంది. ప్రొక్ ఇంటరప్ట్స్ అనే పట్టికలో అడ్డువరుసకు ఒక తీగ, నిలువువరుసకు ఒక ప్రాసెసరు చొప్పున కనబడే అంకెలలో ఏ ఒక్కటైనా అసహజంగా పరుగెడుతున్నదా, లేక కదలకుండా నిలిచిపోయిందా అని అనుభవజ్ఞులు మొదట చూస్తారు.

సంకేతాలన్నీ న్యాయమైనవే అయినా యంత్రం చిక్కులో పడే సందర్భాన్ని జెఫ్రీ మోగుల్, కె. కె. రామకృష్ణన్ 1996లో ప్రకటించిన పరిశోధనపత్రంలో విశ్లేషించారు. నెట్‌వర్కునుంచి ప్యాకెట్లు, అంటే సమాచారపు ముక్కలు, మితిమీరిన వేగంతో వస్తే ప్రాసెసరు కాలమంతా వాటిని అందుకునే హ్యాండ్లరుకే సరిపోయి, అందుకున్న ప్యాకెట్లను పైకి చేర్చే పనికి కాలమే మిగలదు; యంత్రం తీరిక లేకుండా శ్రమిస్తుంది, బయటికి వచ్చే ఫలితం మాత్రం సున్నాకు దిగుతుంది. వారు దీనిని రిసీవ్ లైవ్‌లాక్ అన్నారు. మొదటి ప్యాకెట్టు రాగానే ఆ కార్డు ఇంటరప్టును మూసివేసి, కెర్నెలే తన వీలునుబట్టి ఒక పరిమితి మేరకు ప్యాకెట్లను తానుగా వెళ్లి తెచ్చుకోవడం, అన్నీ అయిపోయాక మళ్లీ తెరవడం వారు సూచించిన చికిత్స. జమాల్ హాదీ సలీమ్, రాబర్ట్ ఓల్సన్, అలెక్సీ కుజ్నెత్సోవ్ 2001లో ఇదే మార్గంలో లినక్స్ కోసం న్యాపీ అనే వ్యవస్థను రూపొందించారు.

న్యాపీలో కూడా ఒక సందు మిగిలింది, అది పాతదే. కెర్నెల్ కార్డును చివరిసారి చూసింది, ప్యాకెట్లు లేవు, ఇంటరప్టును తెరవబోతోంది. ఆ నడుమ ఒక ప్యాకెట్టు వచ్చింది. కొన్ని కార్డులు తెరిచిన తరువాత వచ్చిన వాటికే సంకేతమిస్తాయి కాబట్టి, ఈ ప్యాకెట్టు గురించి ఎవరూ చెప్పరు; మరో ప్యాకెట్టు వచ్చేదాకా అది అక్కడే మురిగిపోతుంది. తెరిచిన తరువాత మరొక్కసారి చూసి, ఏదైనా ఉంటే వెనక్కి తిరగడం దీనికి పరిష్కారం. ఆరవ సంచిక ఐఓవెయిట్ అడ్డుకున్న పోయిన మేలుకొలుపు ఇరవై ఆరేళ్ల తరువాత వేరే యంత్రంలో వేరే వేషంలో తిరిగి వచ్చిందని గ్రహించినవారికి దిద్దుబాటు క్షణాలలో తోస్తుంది, గ్రహించనివారు కార్డును నిందిస్తూ కూర్చుంటారు.

నింద కొన్నిసార్లు యంత్రానికీ చెందుతుంది. ఇంటెల్ 8086 కుటుంబంలో ఆగిన పని వివరాలను భద్రపరచే మెమరీ భాగమైన స్టాకు ఎక్కడుందో చెప్పడానికి ఎస్ఎస్, ఎస్‌పీ అనే రెండు రిజిస్టర్లు కావాలి, వాటిని రెండు వేర్వేరు ఆదేశాలతో నింపాలి. ఒకటి నిండి రెండోది నిండకముందు ఇంటరప్టు వస్తే ప్రాసెసరు భద్రపరచవలసినదంతా లేని స్టాకుమీద రాసి, మెమరీలో ఎక్కడో ధ్వంసం చేస్తుంది. అందువల్ల ఎస్ఎస్‌ను నింపిన తరువాతి ఒక్క ఆదేశం ముగిసేదాకా ఇంటరప్టులు ఆగాలని ఇంటెల్ నియమించింది. 8088 తొలి చిప్పులలో ఈ నియమం పనిచేయకపోవడంతో తరువాతి ప్రతులలో సరిచేసింది. ఆ చిన్న సర్దుబాటు నలభై ఏళ్లు అలాగే ఉండిపోయింది. 2018 మేలో నిక్ పీటర్సన్, నెమాంజా ముల్యాస్మాయిచ్ బయటపెట్టిన లోపం దాని ఫలమే: డీబగ్ సంకేతం కలిగించేలా ఎస్ఎస్‌ను నింపి, వెంటనే కెర్నెల్‌లోకి దూకే ఆదేశమిస్తే, వాయిదాపడిన ఆ సంకేతం కెర్నెల్ ఇంకా తన స్టాకునూ రిజిస్టర్లనూ సర్దుకోకముందే, దాని మొదటి ఆదేశం దగ్గరే వచ్చి పడుతుంది. విండోస్, లినక్స్, మ్యాక్ఓఎస్, ఫ్రీబీఎస్‌డీ అన్నీ దిద్దుబాట్లు విడుదల చేయవలసి వచ్చింది. ఇంతమంది నిపుణులు ఒకే పొరపాటు పడడానికి ఇంటెల్ సూచనగ్రంథంలో ఈ సందర్భం గురించిన వివరణ స్పష్టంగా లేకపోవడమే ప్రధాన కారణం.

మాస్కుకు లొంగని ఇంటరప్టు ఒకటుంది. దానిని ఎన్ఎంఐ అంటారు, యంత్రం గడ్డకట్టినప్పుడు కారణం తెలుసుకోవడానికీ పనివేగం కొలవడానికీ అది అవసరం. ఒక ఎన్ఎంఐ హ్యాండ్లరు నడుస్తుండగా మరొకటి రాకుండా ప్రాసెసరే ఆపుతుంది గాని, ఐరెట్ అనే తిరుగు ఆదేశం ఎక్కడ నడిచినా ఆ అడ్డు తొలగిపోతుంది. హ్యాండ్లరు మధ్యలో చిన్న మెమరీ అడ్డంకి తగిలి, దానినుంచి ఐరెట్‌తో వెనక్కి వస్తే చాలు, రెండో ఎన్ఎంఐ వచ్చి మొదటిదాని తిరుగుదారి రాసి ఉన్న స్టాకుమీదనే తన రాతలు రాస్తుంది. స్టీవెన్ రోస్టెడ్ 2012లో వచ్చిన 3.3 కెర్నెల్‌లో ఆ తిరుగుదారికి నకళ్లు తీసిపెట్టుకునే ఉపాయంతో దీనిని దిద్దాడు. ఆ ఉపాయంలోని సందులను 2015లో ఆండీ లుటోమిర్‌స్కీ కనిపెట్టి మళ్లీ దిద్దాడు. ప్రాసెసరు రూపకల్పనలోని తప్పును ప్రోగ్రాముతో కప్పిపుచ్చవలసి వచ్చినప్పుడు ఎంతటి ప్రజ్ఞావంతుల చేతిలోనైనా అతుకు మీద అతుకు పడుతుందనడానికి ప్రాసెసరు ఆదేశాలలోనే రాసిన ఆ కొద్దిపాటి అసెంబ్లీ వరుసల పైన పుటలకొద్దీ పేరుకున్న వ్యాఖ్యలే సాక్ష్యం.

ఈలోగా డైక్‌స్ట్రా అట్టడుగు అంతస్తు మెల్లగా తిరిగి వచ్చింది. సన్ సంస్థలో స్టీవ్ క్లైమన్, జో ఐకోల్ట్ సొలారిస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఇంటరప్టులను థ్రెడ్లుగా, అంటే తాళం కోసం నిద్రపోగల సాధారణ పనులుగా నడిపే పద్ధతిని 1995లో వివరించారు. 2003లో ఫ్రీబీఎస్‌డీ 5.0 ఎస్‌పీఎల్ పద్ధతిని వదలి ఇదే దారి పట్టింది. లినక్స్‌లో థామస్ గ్లైక్స్‌నర్ కృషితో 2009లో 2.6.30 కెర్నెల్ నుంచి డ్రైవర్లు తమ హ్యాండ్లరును రెండుగా చీల్చుకోవడానికి వీలుకలిగింది: సంకేతాన్ని గుర్తించి పరికరాన్ని శాంతింపజేసే భాగం వెంటనే నడుస్తుంది, తక్కినది థ్రెడ్డుగా తన వంతు వచ్చినప్పుడు నడుస్తుంది. హ్యాండ్లర్లు దాదాపు అన్నిటినీ థ్రెడ్లుగా మార్చే ప్రీఎంప్ట్ ఆర్‌టీ అనే మార్పుల సముదాయం 2004 ప్రాంతంలో మొదలై, ఇరవై ఏళ్లపాటు ముక్కలు ముక్కలుగా ప్రధాన కెర్నెల్‌లో కలుస్తూ వచ్చి, 2024 నవంబరులో వెలువడిన 6.12తో పూర్తిగా అందులో భాగమైంది. చివరిదాకా అడ్డుపడినది లాగ్‌లో సందేశాలను అచ్చువేసే ప్రింట్‌కే అనే ఫంక్షన్. ఏ ఇంటరప్టులోనుంచైనా, ఎన్ఎంఐలోనుంచైనా, ఏ తాళం ఎవరి చేతిలో ఉన్నా అది పనిచేసి తీరాలి, ఎందుకంటే దోషం ఎక్కడుందో చెప్పే నోరు అదొక్కటే. అదే ఏడాది మేలో వచ్చిన 6.9 కెర్నెల్ ఇంటెల్ రూపొందించిన ఫ్రెడ్ అనే కొత్త ఇంటరప్టు విధానానికి మద్దతు చేర్చింది. అందులో ఐరెట్ స్థానంలో వేరే తిరుగు ఆదేశాలున్నాయి, ఎన్ఎంఐకి ఉన్న అడ్డు దానినుంచి వెనక్కి వచ్చేటప్పుడు కోరితేనే తొలగుతుంది. అయితే ఫ్రెడ్ లేని ప్రాసెసర్లు వాడుకలో ఉన్నంతకాలం, పాత దారికి రాసిన అసెంబ్లీ వరుసలనూ వాటి మీది అతుకులనూ కెర్నెల్ రచయితలు అలాగే కాపాడుకుంటూ రావలసి ఉంటుంది.